గాభరాకి బొండం

మొన్న పలాసలో రక్తపరీక్షకి వెళ్తే, రిపోర్టు ఎప్పుడని నేను రెండోసారి అడిగేసరికి సూది గుచ్చే అమ్మాయి "టెన్షన్ పడకండి అంకుల్, సాయంత్రానికి రిపోర్టు వచ్చేస్తుంది" అంది. నాకు టెన్షన్ ఎప్పుడూ లేదు. దానికి తగ్గ ఉద్యోగం నేను చెయ్యలేదు. మా ఉద్దానంలో మా ఈడువాళ్లకి ఉండేది గాభరా.

మందస బస్సు తప్పిపోతుందన్నా, జీడిపూత మీద మబ్బు పట్టినా, పెళ్లిచూపులవాళ్లు ఇంకా రాకపోయినా, అన్నిటికీ గాభరాయే. అన్నిటికీ మా అమ్మ దగ్గర వైద్యం కూడా ఒకటే, పెరట్లోంచి లేత బొండం దింపించి తాగించడం. టెక్కలిలో డిగ్రీ పరీక్షకి వెళ్లే రోజున నాకు రెండు పట్టించింది. హాల్లో కూర్చున్న గంటకి గాభరా సంగతి గుర్తే లేదు, బయటికి ఎప్పుడు వదుల్తారా అన్నదే ధ్యాస.

గాభరా ఎరగనివాడు ఇంట్లో మా నాన్న ఒక్కడే. తుఫానుకి తోట సగం పడిపోతే, మిగతా సగానికి గాలి బాగా తగుల్తుందన్నాడు. అటువంటివాడు ఒక వేసవిలో అరుగు మీద కూలబడి, "ఏటో గాభరాగా ఉందే" అన్నాడు. కాళ్లు కాస్త ఉబ్బి ఉన్నాయి. "ఏటీ నేదు మావా, ఎండల తిరిగీసొచ్చినావు, బొండం తాగీ" అంది అమ్మ. ఆ వేసవంతా పూటకొకటి తాగించింది. కొట్టిచ్చింది నేనే.

చివరికి ఆస్పత్రికి తీసుకెళ్తే, కిడ్నీలు దాదాపు పోయాయన్న డాక్టరుగారు ఏం పెడుతున్నారని అడిగారు. రోజుకి రెండు బొండాలని అమ్మ కాస్త గర్వంగానే చెప్పింది. ఆయన కలం ఆపి, ఈ జబ్బులో కొబ్బరినీళ్లు గుండెకి ప్రమాదమని, ఇకమీదట చుక్క కూడా వద్దని మెత్తగానే చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాన్న, "నీ బొండాల్వల్ల వచ్చిందేటి? ఈ కిడ్నీల జబ్బు ఊరంతటికీ ఉన్నదే గదా" అన్నాడు. అమ్మ తలూపింది గాని నమ్మలేదు. మళ్లీ జీడిపిక్కలు ఏరే రోజులు రాకముందే నాన్న వెళ్లిపోయాడు. అమ్మ ఆ తరవాత చాలాకాలం బతికింది. ఒక్క బొండం ముట్టలేదు, గాభరా అన్న మాటా అనలేదు.

ఇప్పుడు మా ఊళ్లో కూడా అందరికీ టెన్షనే. మాత్ర వేసుకుంటారు, ఒకరితో పని లేదు. ఆ సాయంత్రం రిపోర్టు మడత విప్పకుండా చేత్తో పట్టుకుని బస్టాండులో కూర్చున్నాను. ఏటో గాభరాగా ఉందే అని నోటిదాకా వచ్చింది. ఆ మాట వినగానే కంగారుపడి పెరట్లోకి పరుగెత్తే మనిషి ఇప్పుడు లేదు. ఎదురుగా బండి మీద బొండాలు అమ్ముతున్నారు. అటు చూడకుండా బస్సెక్కాను.