దొరసాని సమాధికి వారసులు

రేపల్లె దగ్గర మా ఊరి సమాధుల తోటలో ఇటుకలతో కట్టిన పాత సమాధి ఒక్కటే ఉంది. పేరు చెక్కిన రాయి ఎప్పుడో ఊడిపోయింది. అది అమెరికా దొరసానిదని ఊరంతా అంటారు. ఈస్టర్ వస్తే మా వాళ్ళ సమాధులకంటే ముందు దానికే సున్నం కొట్టించేది మా అమ్మ. కారణముంది. మా అమ్మమ్మ పుట్టగానే తల్లి పోతే, ఆ దొరసానే సాకి, బాపట్ల హాస్టల్లో వేసి చదివించింది. పోయిన తల్లి దొరసాని ఇంట్లో ఆయా. మా అమ్మమ్మకి అడిగే వయసొచ్చేసరికి దొరసాని లేదు, కన్నతల్లిని ఎక్కడ పెట్టారో ఇంకెవరూ చెప్పలేకపోయారు.

పోయినేడు సంఘ పెద్దలు చోటు చాలట్లేదన్నారు. వారసులు లేని సమాధులు తీసేస్తారట. ఎనభై ఆరేళ్ళ మా అమ్మ అన్నం మానేసి కూర్చుంది.

"ఆవిడ తాలూకు వాళ్ళెవరో వెతకవే. అంత చదివించాను, దేనికి?" అంది.

రిటైరైన టీచర్ని, తెనాలిలో హాయిగా టీవీ చూసుకుంటున్నదాన్ని! ఒళ్ళు మండింది. అయినా మొదలుపెట్టాను.

మూడు నెలలు పట్టింది. మిషన్ వాళ్ళ పాత పుస్తకంలో ఆవిడ పుట్టిన పల్లెటూరు దొరికితే, అక్కడి చర్చికి మెయిల్ పెట్టాను. ఆవిడ తమ్ముడి మునిమనవరాలు జవాబిచ్చింది. రైతు కుటుంబమేనట. ఆవులు, మొక్కజొన్న, తొమ్మిదిమంది పిల్లలు. పెద్దపిల్లని ఈవిణ్ణి బడి మానిపించి పాలు పితికించారట. ఇరవై దాటాక మళ్ళీ చదువుకుని ఓడెక్కింది. ఇదేంటి, నేను పాఠాలు చెప్పిన చుండూరు బడి పిల్లల కథలా ఉందే అనుకున్నాను. ఆవిడమీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మెయిల్లో రెండు ఫోటోలున్నాయి. మొదటిది ఆవిడ సమాధి. అమెరికాలో, వాళ్ళ పొలం పక్కన, పేరుతో సహా. మరి ఇన్నేళ్ళూ మేం సున్నం కొట్టింది ఎవరికి?

రెండోది దొరసాని తన చెల్లెలికి రాసిన ఉత్తరం. ఆయా కాన్పులో పోయిందనీ, మన వాళ్ళకి కట్టినట్టే ఆమెకీ ఇటుకలతో కట్టించాననీ, తోటి దొరలకి అది నచ్చలేదనీ, బిడ్డ తన దగ్గరే ఉందనీ రాసింది.

ఇటుకల సమాధంటే దొరలదే అనుకుంది ఊరు. కూలిమనిషికి కడతారని ఎవరికి తోస్తుంది? ఆమె కడుపున పుట్టిన మాకే తోచలేదు, సిగ్గుచేటు.

అమ్మకి చదివి వినిపించాను. వారసులం మనమే, ఇక ఎవడూ ముట్టుకోడన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. వెంటనే ఆటో పిలిపించుకుంది. తోటలో ఆ ఇటుకల పక్కన చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"మా అమ్మెక్కడుందీ, మా అమ్మెక్కడుందీ అని అడిగి అడిగి పోయిందే మా అమ్మ. ఈ ఇటుకలకి నాలుగడుగుల దూరంలోనే పెట్టాం గదే అమ్మని."