అక్క బొమ్మ, విప్పని డబ్బా

ముప్పై ఏళ్లుగా విప్పని బొమ్మ డబ్బాను అప్పగించి రావడానికి గత శనివారం హైదరాబాద్ వెళ్లాను. పొడుగు కాళ్లు, పసుపుపచ్చ జుట్టు ఉన్న ప్లాస్టిక్ బొమ్మ అది. అక్క సుజాత పదో పుట్టినరోజుకు కువైట్ నుంచి బాబాయి తెచ్చాడు. ఆడుకుంటే పాడవుతుందని అమ్మ ఆ రోజే డబ్బాతో సహా షోకేసులో పెట్టి తాళం వేసింది. మా వీధిలో చాలా ఇళ్లలో అంతే. చుట్టాలు చూసి మెచ్చుకునేవారు, పిల్లలం అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాళ్లం. అలాంటి బొమ్మలు మనల్ని ఏం చేశాయన్న ప్రశ్నతో లావణ్య అనే ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని తార్నాక పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్‌లో ప్రదర్శన పెట్టింది. విప్పని డబ్బాలు మాత్రమే తీసుకుంటుంది, ఇచ్చినవి తిరిగి ఇవ్వదు.

కాజీపేటలో పొద్దున్నే రైలెక్కితే పదిన్నరకు సికింద్రాబాద్. అక్కడి నుంచి మెట్రోలో తార్నాక రెండో స్టేషన్. అంబర్‌పేట్ నుంచి వచ్చిన అక్క మెట్ల కింద కలిసి, నా చేతిలోని డబ్బా అందుకుంది. క్యాంపస్ లోపలికి ఆటో యాభై రూపాయలు.

డ్రైవర్ డబ్బా చూశాడు. "ఏందక్కా, పాప బర్త్‌డేనా?"

"నేనే పాపను," అంది అక్క.

"గీ వయసుల బొమ్మలేందక్కా!"

"నీ వయసుల గా హారన్ ఏంది తమ్మీ? ఊకె మోగిస్తున్నవ్."

పొడవాటి గదిలో ఇళ్ల నుంచి సేకరించిన పదకొండు షోకేసులున్నాయి. చివరిది ఖాళీ. మిగతా ప్రతి దాంట్లో ఒక డబ్బా, బొమ్మ పక్కన ఒక చేతి అద్దం. తొంగిచూస్తే ఆ తెల్లటి ముఖం పక్కన మన ముఖం కనిపిస్తుంది. అక్క చాలాసేపు చూసింది. "దీన్ని చూసే కదనే, రెండేండ్లు తెల్లబడే క్రీమ్ పూసుకున్న. ట్యూబులు ఖాళీ అయినయ్, నేను గిట్లనే ఉన్న."

నేను అప్పగింత కాగితం మీద సంతకం పెట్టాను. డబ్బా మాత్రం అక్క చేతిలోంచి రాలేదు.

"ఒక్కసారి పట్టుకొని ఇస్త," అంది.

"విప్పితే పెట్టలేనక్కా. మూసినయే కావాలె," అంది లావణ్య ఇబ్బందిగా.

"అక్కా, ఇంత దూరం తెచ్చినం. ఇప్పుడు పాడు చెయ్యకు," అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. "అమ్మ గిదే మాట చెప్పింది. నువ్వు గూడ గదే చెప్తున్నవా?"

అక్క వరండా మెట్ల మీద కూర్చుని డబ్బా తెరిచింది. బొమ్మను అట్టకు కట్టిన సన్న తీగలు మెడకు, నడుముకు, రెండు చేతులకు ఉన్నాయి. ఒక్కొక్కటే గోటితో విప్పింది. బొమ్మను అరచేతిలో పెట్టుకుని, "గింత తేలికనా!" అంది.

లావణ్య ఖాళీ డబ్బాను అడిగి తీసుకుని, తీగలు వేలాడుతుండగానే చివరి షోకేసులో పెట్టింది.

తిరుగు దారిలో అక్క హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ప్లాస్టిక్ కాళ్లు బయటికి కనిపించాయి. తెలుపు మీద మోజుకు ఆ బొమ్మను ఎంతైనా తప్పుపట్టవచ్చు. కానీ తాళం మన ఇంటిదే. ఆ రోజు కాసేపు తాళంచెవి నా చేతికి వచ్చింది, నేనూ అమ్మలాగే పట్టుకున్నాను. వెళ్లేవాళ్లకు ఒక సూచన: గది ఒంటిగంట నుంచి రెండు వరకు మూసి ఉంటుంది, పదకొండుకల్లా చేరుకోండి. మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉంటే, అది ఎవరి కోసం కొన్నదో వాళ్ల చేతికి ముందు ఇవ్వండి.