టీతో చెడని ఉపవాసం

నా మెదడులో కణితి తీశాక, ఫిట్సు రాకుండా రెండు పూటలా మాత్ర వేసుకోమన్నారు డాక్టరు. ఆ శనివారం చోడవరం బస్టాండులో ఉండగా మాత్ర వేసుకున్నారా అని మా ఆవిడ పదిహేడోసారి ఫోన్ చేసింది.

"ఉపవాసమని చెప్పేను కదే! ఒక్క పూటకి ఫిట్సు వచ్చేస్తాయేటి?" అని మాడుగుల దాకా వినబడేలా విసుక్కున్నాను.

పక్కన గోవాడ బస్సు కోసం కూర్చున్న ఒకావిడ నా చేతిలోని మూడో టీ వైపు చూసింది.

"టీ తాగితే సెడని ఉపాసం మాత్రేసుకుంటే సెడిపోద్దేటి బాబూ? మా ఆయనా ఇలాగే మానేసేడు. ఫిట్సొచ్చి సెరుకు బండి మీంచి పడిపోయేడు. ఇప్పుడా బండి నేనే తోలుతన్నాను."

నీళ్ల సీసా నా చేతికిచ్చింది. జేబులోని మాత్ర తీసి, నోరు మూసుకుని మింగాను.

"నోరు తెరువు, సూద్దాం."

బస్టాండంతా చూస్తుండగా తెరిచాను.

ఇప్పటికీ, ఇంట్లో ఎవరూ లేకపోయినా, మాత్ర మింగగానే గోడకేసి నోరు తెరుస్తున్నాను.