ఓడ మాటలకు ఆటవెలదులు

మా నాయనకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. నాకు ఇంగ్లీషు నేర్పింది ఆయనే. ఈ సంగతి చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నేను చెప్పే వాటిలో సగం ఎటూ నమ్మరు గనక, అందులో నాకు కొత్తగా పట్టిన బెంగేమీ లేదు.

ధాత కరువు రెండో ఏడది. ఉదయగిరి కొండ నీడ మధ్యాహ్నమయ్యేసరికి ఊళ్ళోకి దిగివచ్చి, చల్లని చోటు ఎక్కడైనా ఉందా అని ఇల్లిల్లూ తిరిగేది. బావుల్లో కప్పలకు ఈత మరుపొచ్చింది. "బతికుంటే బలుసాకు తినొచ్చు" అని పెద్దలు ఊరికే అనలేదని తెలిసింది. ఆ బలుసాకు కోసం కూడా కోడికూతకే లేచి పోవాల్సివచ్చేది. మా ఇంటి అరుగు మీద నాయన వీధిబడి నడిపేవాడు. మంచి రోజుల్లో నలభైమంది పిల్లలు నిఘంటువు పద్యాలు ఒక్క గొంతుతో ఎత్తుకుంటే, కొండమీది పాత కోటలో నిలిచి ఉన్న గోడలు రెండు ఆ దెబ్బకే కూలాయని మా అవ్వ చెప్పేది. కరువొచ్చాక పిల్లలు తల్లిదండ్రుల వెంట వలసపోయారు. నా ఇల్లాలిని కూడా, వాళ్ళ ఊరి బావిలో ఇంకా నీళ్ళున్నాయని, పుట్టింటికి పంపేశాను. బడిలో చివరికి మిగిలిన శిష్యుణ్ణి నేనొక్కణ్ణే. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు.

ఆత్మకూరు కరువు కచేరీలో రాతపనికి ఇంగ్లీషు తెలిసిన రైటర్లు కావాలని కబురొచ్చింది. జీతంతోపాటు బియ్యం కూడా ఇస్తారట. దొర స్వయంగా కూర్చోబెట్టి పరీక్ష చేస్తాడట. ఆ బియ్యం మాట విన్నప్పటినుంచి నాకు వేరే ధ్యాస లేదు. ఎందుకంటే నాయన అప్పటికి రెండు నెలలుగా తన వంతు సంగటి నాకే తోసేసి, "నాకు ఆకలి చచ్చిపోయిందిరా" అంటున్నాడు. ఆకలి చావలేదు, మనిషి చస్తున్నాడు. నడుముకు పంచె నిలవడం మానేసింది. ఆ ఉద్యోగం వస్తే ఆయన బతుకుతాడు, రాకపోతే లేదు. లెక్క అంత తేలిక.

చిక్కల్లా ఒకటే. నాకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు. కూడబలుక్కుని చదవగలను. ఏ మాటకు ఏమి అర్థమో మాత్రం, మా గోడమీది బల్లికి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు.

ఊళ్ళో ఉన్న ఇంగ్లీషు పుస్తకం ఒక్కటి. మకాం ఎత్తేసి వెళ్ళిపోయిన ఒక సర్వే దొర పారేసిపోగా, ఆయన వంటవాడి దగ్గర మిగిలింది. తెల్లవాళ్ళ పిల్లలు చదువుకునే సాహసాల కథ. అట్ట మీద ఓడ, ఓడ మీద కుర్రాడు, కుర్రాడి మీద పడబోతున్న తాటిచెట్టంత అల. ఆ కుర్రాడు ఇంట్లో చెప్పకుండా ఓడెక్కుతాడు, ఓడ మునుగుతుంది, మిగిలినవాళ్ళు చిన్న పడవలో నడిసముద్రంలో కొట్టుకుపోతారు. నాలుగు పేజీలకొక మనిషి నీళ్ళలో పడుతుంటాడు. దొరలు పిల్లలకు ఇంత భయంకరమైన కథలు చెప్పి ఎలా నిద్రపుచ్చుతారో గాని, వాళ్ళు పెద్దయ్యాక ఇంత దూరం ఎందుకొస్తారో మాత్రం నాకప్పుడే అర్థమైంది.

వంటవాడు పెద్దమనిషి. వయసులో ఉండగా రంగూన్ ఓడలో వంట చేశాడట. చదువు రాదు, కానీ నేను మాట కూడబలికితే అదేమిటో చెప్పేవాడు. చెప్పడమంటే నోటితో కాదు, ఒంటితో. మొదటి రోజు వీధిలో నిలబడి చెప్పాడు.

"యాంకర్" అన్నాను.

అతను మా రోలుకు చేదతాడు కట్టి, ఈడ్చుకుపోయి, ఎండిన బావిలోకి దించాడు. "ఇదీ సామీ! ఇట్ట యేస్తే ఓడ కదలదు."

"రోలు పైకి తియ్యవయ్యా ముందు," అన్నాడు నాయన అరుగు మీదనుంచి. "కొంపకి ఉన్న ఒక్క రోలూ బాయిలో ఏసినావు."

"దంచేదానికి ఏముండాదని అయ్యోరా, రోలు?"

నాయన అరుగు దిగొచ్చి తాడు పట్టుకున్నాడు. ఆ రోలు పైకి తీసేసరికి మా ముగ్గురికీ పొద్దు వాలింది. తిండి లేని చేతులకు అది రోలు కాదు, ఉదయగిరి కొండే.

"గేల్" అన్న మాట వచ్చిన రోజున అతను అరుగెక్కాడు. అంతకుముందెన్నడూ అతని కులంవాళ్ళు ఎక్కని అరుగు. నాయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అతను పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చి, బుగ్గలు గుమ్మడికాయల్లా పూరించి, ఉఫ్‌మని నాయన మొహాన ఊదాడు. "ఇది నూరింతలు, అయ్యోరా. అదే గేలు." ఓడెక్కినవాళ్ళకు వచ్చే వాంతుల మాట ఒకటి తగిలింది. దాన్ని మాత్రం చూపించనన్నాడు. "కడుపులో ఏందన్నా ఉంటే గదా సామీ, సూపించేదానికి!"

మాటలు పోగుపడుతున్నాయి గాని తలలో నిలవడం లేదు. ఖాళీ కడుపుకూ జ్ఞాపకానికీ ఏదో పాత పగ ఉంది. పొద్దున నేర్చిన మాట సాయంత్రానికి ఆవిరైపోయేది. వారం రోజులు ఇది చూసి నాయన విసుగెత్తి, తాటాకు అందుకున్నాడు.

"పద్యంలో పెట్టందే ఏది నిలిచిందిరా నీ బుర్రలో? చెప్పు, మొదటి మాటేంది?"

"షిప్పు. అంటే ఓడ."

అదే నాయన చేసిన పని. తనకు రాని భాషకు, తను చూడని సముద్రానికి నిఘంటువు కట్టడం మొదలుపెట్టాడు.

షిప్పు నాగ నోడ, సెయిలన్నఁ దెరచాప,
రోపు మోకు, మాస్టు రూఢిఁ గొయ్య,
బోటు చిన్న పడవ, పోర్టన్న రేవగు,
గేలు గాలివాన, కేప్టెను దొర.

ఈ రూఢి ఎందుకని అడిగాను. "యతి కుదరాలంటే రూఢి ఉండాల్సిందే. నోరు మూసుకోని చదువు," అన్నాడు. నిలువునా ఎముకల పోగులా ఉన్న మనిషి, యతి కుదరగానే ఇంత లావయ్యేవాడు. రోజుకొక పద్యం. వంటవాడు బొమ్మ కట్టి చూపడం, నేను మాట పలకడం, నాయన గణాలు లెక్కపెట్టడం. ఇరవై నాలుగు రోజులకు ఇరవై నాలుగు ఆటవెలదులు, నూటికి పైచిలుకు మాటలు, ఒక కుర్రాడి ఓడ ప్రయాణం మొత్తం నా నోటికొచ్చాయి. నిద్రలో లేపి అడిగినా మొదటినుంచీ గడగడా చెప్పేవాణ్ణి. మొదటినుంచీ అన్న ఆ మాటలోనే ఉన్నాయి తిప్పలన్నీ. అప్పటికి మాకెవరికీ తట్టలేదు.

ఆత్మకూరు నాలుగామడలంటారు. ఆ ఏడు ఎండకు దారి సాగిపోయి ఆరామడలైందని నా నమ్మకం. రెండు రోజులు నడిచాను. దారిపొడుగునా ఎదురుపడిన మనుషుల్ని గురించి నేనేమీ పెంచి రాయను. పెంచడానికి వాళ్ళలో ఏమీ మిగిలిలేదు.

కచేరీలో దొర నాకంటే అలిసిపోయి ఉన్నాడు. కోటు మీద దుమ్ము, దుమ్ము మీద చెమట. పక్కన కచేరీ గుమాస్తాల పెద్ద, శిరస్తాదారు. దొర ఒక కాగితం చేతికిచ్చి చదవమన్నాడు. కూడబలుక్కుని రెండు వరసలు చదివాను. ఒక మాట మీద వేలు పెట్టి, దీనికి అర్థమేమిటని అడిగాడు. రేషన్.

తెలుసు. నాకది తెలుసు! పదమూడో పద్యం, రెండో పాదం. కానీ పదమూడో పద్యానికి ఎలా వెళ్ళడం? వీధిబడిలో చదివినవాడికి పద్యం మధ్యలో తలుపుండదు. లోపలికి దారి ఒక్కటే, మొదటి గడప. నాయన పంచె కళ్ళముందు జారింది. దొరకు దండం పెట్టి, కళ్ళు మూసుకుని, మొదటి గడపే తొక్కాను.

"షిప్పు నాగ నోడ..."

శిరస్తాదారు కుర్చీలో ఎగిరిపడ్డాడు. "ఏందయ్యా ఇది! దొరగారు అడిగింది ఒక్క మాట. నువ్వు పురాణం ఎత్తుకుంటివేంది?"

ఆపితే మళ్ళీ మొదటికే రావాలి. కాబట్టి ఆపలేదు. కళ్ళు తెరవలేదు. రెండో పద్యం, మూడో పద్యం... అయిదో పద్యంలో ఓడకు చిల్లు పడింది. ఎనిమిదో పద్యంలో శిరస్తాదారు బంట్రోతును పిలిచాడు, నన్ను బయటికి నెట్టమని. ఎవరూ నా రెక్క పట్టలేదు. తర్వాత తెలిసింది, దొరే చేత్తో వద్దన్నాడట. పదో పద్యానికి గొంతు పూర్తిగా ఎండిపోయింది. ఎవరో నీళ్ళ చెంబు చేతిలో పెట్టారు. ఒక గుక్క తాగి కానిచ్చాను.

హంగ రాఁకలి యగు, నన్నంబు ఫూడగు,
రేషనన్న నొక్క రీతి వంతు...

"చాలు," అన్నట్టు బల్ల మీద చప్పుడైంది. కళ్ళు తెరిచాను. దొర నవ్వడం లేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. సెయిలు, మాస్టు, గేలు అన్న మాటలు ఆయన చిన్నప్పుడు ఏ దీపం దగ్గర చదువుకున్నాడో, నేనడగలేదు. ఆయన నెమ్మదిగా ఏదో అంటే శిరస్తాదారు ముఖం చిట్లించుకుని తెలుగులో చెప్పాడు:

"నీకు మధ్యలో మొదలుపెట్టడం రాదంట. మధ్యలో ఒక్కటి వదలడమూ రాదంట. రైటరు పనికి నువ్వు పనికిరావు. గంజిదొడ్డిలో హాజరు చదివేదానికి ఇట్టాంటోడే కావాలంటున్నాడు. ఇంతకుముందున్నోడు పేర్లు మింగేసేవాడులే. పోయి ఇంట్లో ఎవురుంటే వాళ్ళని తీసుకోని రా. బియ్యం ఇస్తారు."

ఉదయగిరికి తిరిగి వెళ్ళి అరుగు మీద కూలబడ్డాను. నాయన కళ్ళు రెండూ దివిటీల్లా ఉన్నాయి. ఉద్యోగమొచ్చిందని చెప్పాను. ఆయన అడిగింది అది కాదు.

"ఎన్ని పద్యాలు ఇన్నాడు?"

"పదమూడులో సగం దాకా."

"సగంలో ఆపించినాడా? ఇంకా రెండు పాదాలుంటే?"

"అవును నాయనా."

"ఏం దొర్రా వాడు! యతి తెలవని మనిషి."

బండి దొరకలేదు. ఊళ్ళో ఎద్దులు లేవు. వంటవాడు ఊరి పొలిమేరదాకా వచ్చి, పుస్తకం నా మూటలో పెట్టి వెనక్కి తిరిగాడు. నాయనను నడిపిస్తూ, అక్కడక్కడా మోస్తూ, మూడు రోజులు నడిచాను. ఆయన బరువు పెద్దగా లేదు, అదే నాకు ఎక్కువ బరువనిపించింది. దారిలో ఒకచోట, ఎవరూ అడగకుండానే, నా వీపు మీదనుంచి ఆ మిగిలిన పాదాలు ఎత్తుకున్నాడు.

"థర్స్టు దప్పిక యగు, దరి యన్న షోరగు... ఊఁ కొట్టవేందిరా?"

"ఊపిరి లేదు నాయనా."

గంజిదొడ్డంటే కరువు జనానికి సర్కారు గంజి పోసే చోటు; అక్కడ పొద్దున, సాయంత్రం, కొన్ని వందల పేర్లు బిగ్గరగా చదవాలి. పేరు పిలవగానే మనిషి ముంత పట్టుకుని ముందుకు రావాలి. నెల తిరిగేసరికి ఆ పట్టీ అంతా నాకు నోటికొచ్చింది. నన్ను చూసి శిరస్తాదారే ఆశ్చర్యపోయాడు. అక్కడే చెడింది. పట్టీలో ఏ రోజుకారోజు కొన్ని పేర్లు ఎర్రసిరాతో కొట్టేసి వచ్చేవి. కన్ను ఆ గీతను దాటేది గాని, నోరు దాటేది కాదు. పోయినవాళ్ళను కూడా వరసలోనే పిలిచేసేవాణ్ణి. ఎవరూ పలికేవారు కాదు. వెనకవాళ్ళు ఏమీ అనకుండా ఒక అడుగు ముందుకు జరిగేవారు. ఒకసారి, అలా పిలిచిన పేరుకు ఒక ఆడమనిషి గిర్రున వెనక్కి తిరిగి చూసింది.

ఆ సాయంత్రం నాయనతో చెప్పాను. అప్పటికి ఆయన రెండు పూటలా అన్నం తింటున్నాడు. చెంపలు కాస్త నిండాయి. పుస్తకం చూసి చదివిన పిల్లాడి చెవి మెలిపెట్టడం తప్ప మరో మర్యాద ఎరగని మనిషి ఆయన.

"రేపట్నించి నోటికి చదవమాక. పట్టీ మింద వేలు పెట్టుకోని, ఒక్కో పేరూ చూసి చదువు," అన్నాడు.

అలాగే చదివాను. వానలు పడి దొడ్డి ఎత్తేసిందాకా, వేలు పెట్టే చదివాను.