అమ్మ పేరున్న స్టీలు డబ్బా

మా చిన్నప్పుడు ఇంగ్లండులోని కోవెంట్రీలో శనివారం పొద్దున్నే అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుందంటే... యూకో ఆంటీ వాళ్లింటికి ఇంగ్లీషు పాఠం చెప్పడానికి బయల్దేరుతోందని అర్థం. వెనకాల తోకలా నేను.

వాళ్లు జపాన్ వాళ్లు. అంకుల్ కార్ల కంపెనీలో ఇంజనీరు. అమ్మ తెనాలిలో పదకొండేళ్లు ఇంగ్లీషు టీచరు... ఇక్కడికొచ్చాక వేర్‌హౌస్‌లో అట్టపెట్టెలకు టేపు అంటించే పని. ఈ ఊళ్లో ఆవిణ్ని 'టీచర్' అని పిలిచేది ఆ ఒక్క ఇల్లే. ఆ పిలుపు కోసమే అమ్మ వారమంతా ఎదురుచూసేది.

పాఠాలు మాత్రం నవ్వులే నవ్వులు... ఓసారి జీపీ సర్జరీకి, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌కి, ఫోన్ చేయడం నేర్పుతోంది. అమ్మే రిసెప్షనిస్టు. అంకుల్ టీవీ రిమోటు చెవికి పెట్టుకుని, లేచి నిలబడి, ఆ రిమోటుకే నడుం వంచి నమస్కారం చేశారు. తర్వాత ఆంటీ వంతు. జ్వరమని చెప్పడానికి మొహమాటపడి, "మీరు బిజీగా ఉన్నట్టున్నారు, రేపు చేస్తాను" అని పెట్టేసింది. నేను సోఫా మీద పడి దొర్లాను.

అమ్మ మాత్రం తక్కువ తిన్నదా... మొదటి వారమే తన పేరు చెక్కించిన స్టీలు డబ్బాలో సున్నుండలు పట్టుకెళ్లింది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదని మన పద్ధతి కదా... వాళ్లకీ అంతేనట. ఆంటీ అందులో బియ్యప్పిండి మిఠాయిలు పెట్టి ఇచ్చింది. అమ్మ జంతికలు. ఆంటీ బిస్కెట్లు. అమ్మ పులిహోర... రెండేళ్లు ఆ డబ్బాకి విశ్రాంతి లేదు.

"ఎవరో ఒకరు ఆపండమ్మా" అంటే, "ఖాళీ డబ్బా చేతికిస్తే ఏం బాగుంటుందే" అనేది.

అంకుల్‌కి తిరిగి జపాన్‌కే బదిలీ అయింది. వెళ్లేరోజు అమ్మ మళ్లీ సున్నుండలు తీసుకెళ్లింది. వాళ్ల వంటిల్లంతా అప్పటికే సర్దేశారు... డబ్బాలో వేయడానికి చిటికెడు పంచదార కూడా లేదు. ఆంటీ ఆ డబ్బా గుండెకు హత్తుకుని, "ఖాళీగా ఇవ్వలేను టీచర్. నింపి, నేనే తెచ్చిస్తాను" అంది. తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పింది. అమ్మ మెచ్చుకోబోయి ఏడ్చేసింది.

ఆ తర్వాత అమ్మకు పాఠాలు దొరకలేదు. 'టీచర్' అన్న పిలుపు ఏటా కొత్త సంవత్సరం కార్డు మీద వచ్చేది, అంతే.

కొన్నేళ్లకు అమ్మకు ఆయాసం మొదలైంది. సర్జరీకి ఫోన్ చెయ్యమంటే, "వాళ్లు బిజీగా ఉంటార్లే, రేపు చేస్తా" అనేది. అచ్చం ఆంటీ మాటే... నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను తినేస్తోంది. అమ్మ పోయి రెండేళ్లు. ఆ సంగతి ఆంటీకి రాయడానికి చేతులు రాలేదు.

మొన్న జూన్‌లో తలుపు తీస్తే ఎదురుగా యూకో ఆంటీ... చేతిలో అదే డబ్బా.

"టీచర్ ఉన్నారా?"

పక్కకు తప్పుకున్నాను. హాల్లో దండ వేసిన ఫోటో కనిపించింది. ఆంటీ డబ్బా ఫోటో ముందు పెట్టి, నడుం వంచి, "ఆలస్యం చేశాను, టీచర్" అంది.

లోపల సున్నుండలు. తనే చేసిందట... కాస్త గట్టిగా వచ్చాయి.

ఇప్పుడు అందరం టేక్‌అవే ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఇచ్చుకుంటున్నాం... 'తిరిగివ్వక్కర్లేదండి' అని ముందే చెప్పేసి. మీ ఇంట్లో కూడా ఎవరి పేరో ఉన్న గిన్నె ఉండిపోయిందా? ఎవరిదో చెప్పండి... ఖాళీగా అయినా సరే, ఆ మనిషి ఉండగానే ఇచ్చి రండి.