తువ్వాలు కప్పిన సగం

ఆ ఫోటో బుధవారం పొద్దున వచ్చింది. జిరాక్స్ షాపు షట్టరు ఎత్తి, మిషను వేడెక్కేలోపు ఫోను తీశాను. ప్రపంచంలోని గిటారు పిచ్చోళ్ళంతా చేరే ఫోరం ఒకటుంది. అక్కడ రోజూ పొద్దున ఎవడితోనైనా ఒక తగువు పెట్టుకోనిదే నాకు టీ రుచించదు. ఆ రోజు తగువుల్లేవు. అందరూ ఒకే ఫోటో కింద చేరి కేకలు పెడుతున్నారు.

ఏదో దేశంలో ఏదో కచేరీ. గిటారు వాయించేవాడి బూట్లు తప్ప మనిషి కనిపించడు. ఆ బూట్ల ముందు నేల మీద ఒక నల్ల పెట్టె. కంపెనీ పేరు కనబడకుండా టేపు అంటించారు. పెట్టె కుడి సగం మీద ఎవరో చెమట తుడుచుకున్న తువ్వాలు పడేశారు. ఫోటో అంతా మసక. అంతే, ఆ మాత్రానికే నా గుండె దడదడ కొట్టుకుంది.

తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటారు దానంతట అది మోగదు, మోగినా దోమ పాటే. దాన్ని ఆంప్‌కు, అంటే శబ్దం పెంచే స్పీకరుకు తగిలించాలి. ఒక్కో ఆంప్‌ది ఒక్కో గొంతు. ఒకటి మెత్తగా పాడితే ఇంకొకటి గోడలు అదిరేటట్టు అరుస్తుంది. అవన్నీ కొని మోసుకు తిరగడం మనలాంటివాళ్ళ వల్ల కాదు. అందుకే ఆ గొంతులన్నిటినీ ఒక పెట్టెలోకి ఎక్కించి అమ్ముతారు. దాన్ని మోడలర్ అంటారు. కాలితో స్విచ్చు నొక్కితే గొంతు మారిపోతుంది. అవి చేసే పేరున్న కంపెనీ ఒకటుంది, వాళ్ళ పాత పెట్టె మా దగ్గర ఉంది. మా అంటే నాకూ అన్నకూ కలిపి. కొత్తది వస్తుందని ఏడాదిగా పుకారు, కంపెనీ మాత్రం నోరు మెదపదు. ఫోటోలోది ఆ కొత్తదేనని ఫోరంలో అందరి నమ్మకం.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ధర్మవరంలో మా షాపు వెనక సందులో ఉంటాడు. పట్టుచీరలకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసే మనిషి. గడికొక చుక్క పెడతాడు, చుక్కకొక పోగు మగ్గం మీద లేస్తుంది. వయసులో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించాడు. గార్లదిన్నె పక్క పల్లె నుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టుకున్న నాకు గిటారు పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆదివారం నేను చర్చిలో వాయిస్తాను, ఆయన శ్రీరామనవమి పందిట్లో వాయిస్తాడు. పెట్టె మాత్రం రెండు చోట్లకూ అదే పోతుంది.

ఫోటో వచ్చేనాటికి అన్న పెన్ను ముట్టి ఎనిమిది నెలలు. జరిగింది ఇదీ. అన్నకు పని ఇచ్చే చీరల షావుకారు దగ్గర ఒక పాత చీర ఉండేది. కొంగు చినిగి రెండు ముక్కలైంది. అందులో ఒక ముక్క అన్న చేతికిచ్చి, అచ్చం ఇట్లాంటిదే కావాలన్నాడు. కొంగు మీద చిలకల వరుస. అన్న ఆ సగాన్ని గ్రాఫు మీదికి దించి, మిగతా సగం ఎప్పటిలాగే అద్దంలో బొమ్మలా తిప్పి వేశాడు. మూడు చీరలు నేసి మగ్గం దించాక షావుకారు చూసి గుండె బాదుకున్నాడు. పాత చీరలో చిలకలన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయట. అన్న చీరల్లో సగం అటు, సగం ఇటు, నడిమధ్యన ఎదురుబదురు.

"కండ్లు కనపడవా నీకు?" అని షావుకారు నలుగురిలో అనేశాడు.

ఆ ఒక్క మాట అన్నకు పట్టుకుంది. అనంతపురం పోయి కళ్ళు చూపించుకున్నాడు. అద్దాలు మార్పించాడు, మళ్ళీ మార్పించాడు. చూపు బాగుందని డాక్టరు మొత్తుకున్నా నమ్మలేదు. "నా కన్ను లెక్క తప్పిందప్పా. ఇంగ నన్ను నమ్మి ఎవురూ మగ్గమెక్కించగూడదు" అని గ్రాఫు కాగితాలన్నీ చుట్టి అటకెక్కించాడు. వదిన జరీ చుట్టే పని పట్టుకుని ఇల్లు లాక్కొస్తోంది. అన్న పొద్దున్నే వచ్చి నా షాపు ముందు బెంచీ మీద కూర్చునేవాడు. సాయంత్రం దాకా అక్కడే. ఇంట్లో నోరు విప్పడట. "ఆ గిటారు ముచ్చట్లన్నా చెప్పు తమ్ముడా, మాటే ల్యాకుండా పోయింది మనిషికి" అని వదిన ఒకరోజు నాతో అంది. అప్పటినుంచి ఫోరంలో వచ్చిన ప్రతి పుకారూ ఆయనకు చదివి వినిపించడం నా పని. నాకు కావలసింది కొత్త పెట్టె కాదు. ఛ, అబద్ధం ఎందుకు, పెట్టె కూడా కావాలి. కానీ ఆయన మళ్ళీ గ్రాఫు మీద చుక్క పెట్టాలి, అది ముందు కావాలి.

ఫోటో చూపించాను. ఫోను చేతిలోకి తీసుకుని, దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"ఇంత చిన్నగుంటే ఏం కనపడుతుందప్పా? పెద్దగా తీసియ్యి."

పెద్ద కాగితం మీద ప్రింటు తీసిచ్చాను. జేబులోంచి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తీశాడు. ఎనిమిది నెలలుగా మనిషి దాన్ని జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. కాగితం మీద పడుకున్నట్టే వంగిపోయాడు.

"రెండు వరసలు. వరసకు రెండు స్విచ్చులు. పైన మూడు నాబులు. మూడోది తక్కిన రెండిటికన్నా లావుండాది, చూసినావా? ఆ పక్కన తెర మొదలయితాండాది." తల ఎత్తకుండానే చెయ్యి చాచాడు. "యాడప్పా గ్రాఫు? ఉంటే ఒకటియ్యి."

షాపులో గ్రాఫు కాగితాలు కట్టలకొద్దీ ఉన్నాయి. ఒకటి లాగబోయి గాభరాలో కట్ట మొత్తం కింద పోశాను. ఆయన మూడు గంటలు కదల్లేదు. ఎడమ సగమంతా చుక్క చుక్కగా దించాడు. తర్వాత మధ్యలో గీత గీసి, చీర కొంగు గీసినట్టే ఆ సగాన్ని ఇటు తిప్పి వేశాడు. ఎనిమిది స్విచ్చులు, ఆరు నాబులు, నడుమ తెర. ఎంత ముద్దుగా ఉందో! ఆ కంపెనీవాళ్ళు కూడా అంత అందంగా గీసి ఉండరని ప్రమాణం చేస్తాను.

దాన్ని స్కాన్ చేసి ఫోరంలో పెట్టాను. ఇక చూడాలి ఆ గోల. ఇది గీసినవాడు కంపెనీ లోపలి మనిషేనని ఒకడు రాశాడు. కాదు, కంపెనీ వాళ్ళే కావాలని వదిలిన బొమ్మ అని ఇంకొకడు. ఎనిమిది స్విచ్చులుంటే పాటకొక గొంతు పెట్టుకోవచ్చని, ఇయర్‌ఫోను పెట్టుకునే చోటు వెనకుందా పక్కనుందా అని, లోపల రెండు ఆంప్‌లు ఒకేసారి మోగుతాయా అని ఊహల మీద ఊహలు. వీడియోలు చేసే ఒకాయన అన్న బొమ్మను తెర మీద పెట్టి, ఈ ఇంజనీరు ఎవరోగానీ చేతికి దండం పెట్టాలన్నాడు. అది అన్నకు తెలుగులో చెప్పాను.

"ఇంజనీరంటనా!" అని అన్న పగలబడి నవ్వాడు.

వదిన గుమ్మంలోంచి, "ఇంజనీరు సారూ, ఇంట్లో బియ్యం అయిపోయినాయి" అంది. ముగ్గురం కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాం.

నేనూ ఒక ప్రశ్న వేశాను. ఆ పెట్టె పైరేకు ఎంత వేడెక్కుతుంది, మేము చర్చిలో వట్టికాళ్ళతో వాయిస్తాం అని. బూట్లేసుకోవచ్చు కదా అని ఒకడు వెటకారం చేశాడు. దేవుడి ముందు బూట్లతో నిలబడేంత తెగువ నీకుందేమో మాకు లేదని గట్టిగానే పెట్టాను. అన్న నా భుజం మీద కొట్టి, "అట్ల పెట్టల్ల! గమ్మునుంటే నెత్తికెక్కుతారు" అన్నాడు. ఆ వారం ఆయన రోజూ గడ్డం గీసుకుని వచ్చాడు. టీ తానే తెప్పించాడు. దారినపోయే నేతగాళ్ళను ఆపి, కంపెనీ కొత్త పెట్టె ఎట్లుంటుందో చెప్పేవాడు. గిటారు ముఖం చూడనివాళ్ళు కూడా ఎన్ని స్విచ్చులని అడిగిపోయేవాళ్ళు.

ఫోరంలో ఒక పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. తువ్వాలు చదునుగా పడలేదు, ఒకవైపు ఎత్తుగా లేచి ఉంది, దాని కింద స్విచ్చులు కాదు పాదం ఆనించి ముందుకూ వెనక్కూ ఊపే పెడల్ ఉందని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. నాలుగు రోజులు ఆయన్ని ఏకిపారేశాను. నువ్వు తువ్వాలు చూస్తున్నావు, మా అన్న పెట్టె చూస్తున్నాడని రాశాను. నీ కళ్ళజోడు మార్చుకోమని కూడా రాశాను. ఆ ముక్క రాసినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంతలో కంపెనీ నోరు విప్పింది. వచ్చే శుక్రవారం సాయంత్రం వీడియోలో పెట్టె చూపిస్తామని ప్రకటన. ఫోరం జాతరైపోయింది. అన్న రోజూ "ఇంగ ఎన్ని దినాలుండాది?" అని అడగడం. నేనూ లోపల ఎగిరి గంతులేస్తున్నా. ఒకరోజు కుళాయి దగ్గర వదిన నన్ను ఆపింది.

"ఆయన గీసింది తప్పని తేలితే ఎట్ల తమ్ముడా?" అంది. "ఈ మాటు పడితే లెయ్యడు."

షాపుకొచ్చి తలుపు దగ్గరగా వేసి ఆ ఫోటో మళ్ళీ తెరిచాను. పెట్టెను వదిలేసి తువ్వాలు ఒక్కదాన్నే పెద్దది చేసి చూశాను. లేచి ఉంది. పెద్దాయన చెప్పినట్టే ఒకవైపు ఎత్తుగా లేచి ఉంది. నాలుగు రోజులు గొంతు చించుకున్న నేను ఒక్కసారి కూడా అటు చూడలేదు. అన్నకు చెప్పాలా? చెప్పలేకపోయాను. నా పిరికితనం నాకు తెలుసు.

శుక్రవారం సాయంత్రం కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చున్నాం. వదిన గిన్నెలో బొరుగుల ఉగ్గాని తెచ్చింది. అన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు, బొమ్మ ఒళ్ళో పెట్టుకున్నాడు. గుడ్డ కప్పిన పెట్టె పక్కన నిలబడి కంపెనీ మనిషి ఏదేదో మాట్లాడుతున్నాడు. "తొందరగా తియ్యప్పా గుడ్డ!" అని అన్న తెర మీద కేకలేస్తున్నాడు. చివరికి తీశాడు.

ఎడమ పక్క నాలుగు స్విచ్చులు, మూడు నాబులు. కుడి పక్కన ఒక్క స్విచ్చు లేదు. పాదమంత పెడల్.

వదిన నా వైపు చూసింది. ఫోరంలో మెసేజీలు వరదలా పడుతున్నాయి, నేను చూడలేదు. ఆ కాగితం తొలిరోజే చించేసి ఉంటే బాగుండేదనిపించింది.

"ఆపు" అన్నాడు అన్న. "ఆడనే ఆపు."

వీడియో ఆపాను. ఆయన లేచి, తన బొమ్మను తెర పక్కన ఆనించి పట్టుకున్నాడు. పెన్సిలు కొసతో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. స్విచ్చు, స్విచ్చు, నాబు. చాలాసేపు.

"ఈ పక్క చూడప్పా. ఒక్క గడన్నా తప్పిందేమో చెప్పు."

చూశాను. ఒక్కటి తప్పలేదు. స్విచ్చుల మధ్య దూరం సరిగ్గా అంతే. మూడో నాబు లావని ప్రపంచంలో ఎవరూ కనిపెట్టలేదు, ఆ మసక ఫోటోలో ఆయన కనిపెట్టాడు. తెరమీద అది లావుగానే ఉంది.

"లేదన్నా. అచ్చు దింపినట్టుంది."

"ఈ పక్క నేను చూసింది" అన్నాడు. పెన్సిలు కుడివైపు పెట్టాడు. "ఈ పక్క నేను చూడనేల్యా. ఊరికే తిప్పి ఏసినా." బొమ్మ దించి మా వైపు తిరిగాడు. "చిలకలు గూడా అంతేనప్పా! రెండో ముక్క షావుకారు కాడనే ఉన్నింది. చూపీయమని అడగనే ల్యా నేను."

వదిన గిన్నె కింద పెట్టింది. "అయితే నీ కండ్లు?"

"కండ్లకేమైంది? బాగుండాయి." ఆ మాట అంటూ తనే ఉలిక్కిపడ్డట్టు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత గొంతు పెంచి మళ్ళీ అన్నాడు, "బాగుండాయే నా కండ్లు!"

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. ఏది ముందొచ్చిందో చెప్పలేను. కొత్త పెట్టెలో ఏయే గొంతులున్నాయో, ఇయర్‌ఫోను ఎక్కడ పెట్టుకోవాలో, ఇన్నాళ్ళు కొట్టుకు చచ్చిన సంగతులన్నీ ఆ వీడియోలోనే ఉన్నాయి. దాన్ని మళ్ళీ నడిపించాలని కూడా తోచలేదు. అన్న అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"ఈ పొద్దుగూకే యాళకు యాడికి?" అంది వదిన.

"షావుకారు కొట్టు కట్టేసేలోపల పోవల్ల."

"తిట్టినాయన కాడికా?"

"తిడితే తిట్నీ. పని ఆయన కాడ గదా ఉండేది." మెట్టు దిగి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "రేపు పొద్దున టీకి నన్ను పిలవద్దప్పా. పనుంటాది."