మా ఇంటి ఇమ్మిగ్రేషన్ కౌంటరు

మా మామయ్య రిహార్సల్ వెయ్యకుండా ఏ పనీ చెయ్యడు. ఏదో మాటవరసకి అంటున్నాననుకునేరు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు రోజు సాయంత్రం పడక్కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, అత్తయ్య చేతికి టార్చిలైటు ఇచ్చి పావుగంట కూర్చుంటాడు. "ఏం కనిపిస్తోంది?" అని మధ్యమధ్యలో అడుగుతాడు. "ముప్ఫై ఏళ్లుగా కనిపిస్తున్నదే," అంటుంది అత్తయ్య.

ఇల్లు మారేటప్పుడు ముందు రోజే మమ్మల్నందరినీ పిలిచాడు. సామాను మొయ్యడానికి కాబోలనుకుని వెళ్లాం. సామాను ఎక్కడిదక్కడే ఉంది. నలుగురం నాలుగు మూలలా చేతులు చాచి, లేని బీరువాని ఎత్తుకుని, పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి రెండు వీధులు నడిచాం. ఎదురొచ్చినవాళ్లు పక్కకి తప్పుకుని దారి కూడా ఇచ్చారు. తీరా కొత్త ఇంటి గుమ్మంలో మామయ్య నా వైపు తిరిగి అందరినీ ఆపేశాడు. "అమ్మడూ, నీ వైపు మూల గోడకి కొట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి." మళ్లీ వెనక్కి నడిచాం. మా నాన్న అయితే దారిలో ఒకసారి బీరువా కిందకి దించి నడుం పట్టుకున్నాడు.

ఇలాంటి మనిషి చేతికి విదేశీ ప్రయాణం చిక్కితే ఏమవుతుందో మీరే ఆలోచించుకోండి.

ప్రయాణం మా అమ్మ కోసం. అమ్మ మామయ్యకి ఒక్కగానొక్క చెల్లెలు. ఆవిడ బట్టల బీరువా తలుపుకి లోపలివైపు పాత క్యాలెండరులోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి అతికించి ఉంటుంది. ఎక్కడో ఒక ద్వీపం, ఆకుపచ్చగా సముద్రం, ఒడ్డున నిలబడితే నీళ్లలో చేపలు పైకే కనిపిస్తుంటాయి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి చీర తీసినప్పుడల్లా అమ్మ ఆ చేపల్ని ఒకసారి చూసి తలుపు వేస్తుంది.

మరి ఇన్నేళ్లూ ఎందుకు వెళ్లలేదంటే, కౌంటరు. ఇంట్లో అమ్మ నోటికి ఎదురులేదు. అద్దం, దాని వెనక ఒక మనిషి కనిపిస్తే మాత్రం గొంతు తడారిపోయి కొయ్యబారిపోతుంది. పాస్‌పోర్టు ఆఫీసులో మొదటిసారి "మీరు పుట్టిన ఊరు?" అని అడిగితే, ఫైలు మూసేసి ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రం మాకు ఊరి పేరేమిటి, తను పుట్టినప్పటి ఇరుగుపొరుగుల పేర్లు కూడా వరసగా చెప్పింది. రెండోసారి నాన్న పక్కన నిలబడి గట్టెక్కించాడు. కానీ ద్వీపంలో దిగాక ఒక్కొక్కరే అధికారి ముందుకి వెళ్లాలని ఎవరో చెప్పారు. అంతే. "మీరు వెళ్లి రండి. నేను ఇల్లు చూసుకుంటాను. నాకు బొమ్మ ఉందిగా," అంది అమ్మ.

ఆ మాట మామయ్య చెవిన పడింది. రైలు టికెట్ల కౌంటర్లో ముప్ఫై ఏళ్లు కూర్చుని రిటైరైన మనిషి. "ఆరు నూరైనా అందరం వెళ్తున్నాం. కాగితాల సంగతి నాకు వదిలెయ్యండి," అన్నాడు.

వదిలేశాం. అదే మేం చేసిన తప్పు.

ద్వీపంవాళ్లు అడిగినవి ఎక్కువేం కావు. ఆరు నెలల గడువు మిగిలున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, హోటలువాళ్ల ఉత్తరం, వెనక తెల్లగోడ ఉన్న ఒక ఫోటో, దిగడానికి మూడు రోజుల ముందు కంప్యూటర్లో నింపే ఫారం. మామయ్య మమ్మల్ని తెల్లగోడ ముందు కూర్చోబెట్టి, ఫోటోగ్రాఫరు లేకుండానే నవ్వకుండా ఉండటం నేర్పాడు. అత్తయ్య ప్రతిసారీ నవ్వేసింది. ఫారం అయితే తెల్లకాగితం మీద గీతలు గీసి పంతొమ్మిది రోజుల ముందే నింపించాడు.

అక్కడితో ఆగితే మామయ్య ఎందుకవుతాడు? మర్నాడు సాయంత్రం ఆరింటికి వాళ్లింటికి రమ్మన్నాడు. వెళ్లేసరికి హాల్లో భోజనాల బల్ల అడ్డంగా తిప్పి ఉంది. దాని మీద షోకేసులోంచి ఊడదీసిన అద్దం నిలబెట్టి ఉంది. నేల మీద పసుపు టేపుతో గీత. అద్దం వెనక మామయ్య, చేతిలో పౌడరు డబ్బా మూత. ముద్ర అన్నమాట.

"ప్రశ్నలు ఇంగ్లీషులో వస్తాయి. జవాబు ఇంగ్లీషులోనే చెప్పాలి. గీత దాటితే ఫెయిల్," అన్నాడు. ఇంగ్లీషు సంగతి అలా ఉంచి, జరిగింది మన భాషలో చెబుతాను.

మొదట నాన్న వెళ్లాడు.

"ఎందుకొచ్చారు?"

"విశ్రాంతి కోసం."

"మీరు రిటైరై నాలుగేళ్లయింది. దేన్నుంచి విశ్రాంతి?"

"మా బావగారి నుంచి."

"ఫెయిల్. పక్కన నిలబడండి."

తరవాత అత్తయ్య. "పండ్లు, విత్తనాలు, మొక్కలు ఏమన్నా తెస్తున్నారా?" లేవంది. సంచి తెరిస్తే యాపిల్ బయటపడింది. "దారిలో ఆకలేస్తే మీకే కదా," అంది అత్తయ్య. అధికారి యాపిల్‌ని స్వాధీనం చేసుకుని, అక్కడే కొరుక్కు తిని, గింజలు కాగితంలో చుట్టి సాక్ష్యంగా దాచాడు. ఫెయిల్.

నేను తడుముకోకుండా చెప్పాను. "ఐదు రోజులు, నాలుగు రాత్రులు. ఇదిగో తిరుగు టికెట్టు, ఇదిగో హోటలు ఉత్తరం."

"అడక్కుండానే కాగితాలిచ్చావు. అతితెలివి. ఫెయిల్."

చివరికి అమ్మ. ఎదురుగా ఉన్నది తోడబుట్టిన అన్నయ్యే, అయినా అద్దం అద్దమే. "ఎన్ని రోజులుంటారు?" అన్నాడు మామయ్య. అమ్మ పెదాలు కదిలాయి, మాట రాలేదు. "కుక్కరు చూసొస్తా," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మామయ్య కాగితాలు సర్దుకున్నాడు. "ఇవాళ ఒక్కరూ పాసవలేదు. రేపు ఆరింటికి రండి."

రోజూ ఇదే తంతు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నట్టు, మేం ఏం చెప్పినా మామయ్యకి నచ్చదు. ఒక రోజు నడక బాగాలేదన్నాడు, ఇంకో రోజు "గుడ్ మార్నింగ్" అన్నానని ఫెయిల్ చేశాడు, అప్పుడు సాయంత్రమట. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగో రోజు అమ్మ "ఐదు" అంది. ఏడో రోజుకి దానికి "రోజులు" చేరింది. పన్నెండో రోజు మామయ్య అదే ప్రశ్న మూడోసారి అడిగేసరికి అమ్మ నడుం మీద చెయ్యి వేసింది.

"ఏమండీ ఆఫీసరు గారూ, ఐదు రోజులని రెండుసార్లు చెప్పాను. కాగితంలోనూ ఉంది. ముద్ర వేస్తారా, మీ పైవాళ్లని పిలవమంటారా?"

మామయ్య మూత తీసి ఠప్పున కొట్టాడు. "పాస్."

పాసైంది అమ్మ ఒక్కతే. ఆ మర్నాటి నుంచి ఆవిడ మా వెనక నిలబడి పాఠాలు మొదలెట్టింది. "నీళ్లు నమలకు. కళ్లల్లోకి చూసి చెప్పు. వాళ్లూ మనలాంటి మనుషులేనే." మేం ముగ్గురం బయలుదేరే రోజు దాకా ఫెయిలవుతూనే ఉన్నాం.

బయలుదేరే రోజు పొద్దున మామయ్య వాళ్లింటికి వెళితే, గోడకున్న అద్దం ముందు నిలబడి చేపలా నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, చప్పుడు లేదు. "పంటి రిహార్సల్ అయ్యుంటుంది. తిరిగొచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్లాలేమో," అంది అత్తయ్య.

మన ఎయిర్‌పోర్టులో అందర్నీ ఒకేసారి పిలిచి ముద్రలు వేసేశారు. ద్వీపంలో దిగాం. అద్దం, పసుపు గీత, మామయ్య పెట్టినట్టే ఉన్నాయి. అద్దం వెనక నిద్రమొహం పిల్ల ఒకతి. నాన్నని ఒక్క ప్రశ్న అడగలేదు. అత్తయ్యని అడగలేదు. నన్నూ అడగలేదు. పద్దెనిమిది రోజులు ఫెయిలైన మనిషిని, నా జవాబు నా గొంతులోనే ఉండిపోయింది. కాస్త దూరంలో నిలబడి వెనక్కి చూశాను. అమ్మ వంతు.

ఆ పిల్ల తలెత్తింది. "ఎన్ని రోజులుంటారు?"

అందర్నీ వదిలేసి అమ్మనే అడగాలా అనుకున్నాను. నాన్న నా భుజం పట్టుకున్నాడు. అమ్మ ఒకసారి ఊపిరి తీసుకుని, ఆ పిల్ల కళ్లల్లోకి చూసింది. "ఐదు రోజులు, నాలుగు రాత్రులు." ముద్ర పడింది. అమ్మ పాస్‌పోర్టు తెరిచి పట్టుకుని, సిరా ఆరేలా ఊదుకుంటూ వచ్చింది.

ఇక మామయ్య. ఆ పిల్ల ఏదో అడిగింది. మామయ్య నోరు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. మాట లేదు. ఆ పిల్ల నిద్ర వదిలి అనుమానంగా చూసింది. మేం ముగ్గురం బిక్కచచ్చిపోయాం. అమ్మ మాత్రం గిరుక్కున వెనక్కి తిరిగి, చకచకా కౌంటరు దగ్గరికి వెళ్లింది.

"ఈయన మా అన్నయ్య. ఐదు రోజులు, నాలుగు రాత్రులు. పండ్లు లేవు, విత్తనాలు లేవు. మా అందరి కాగితాలూ ఈయనే తయారుచేశారు. కాస్త కంగారు మనిషి, ఏమీ అనుకోకండి."

ఆ పిల్ల నవ్వేసి ముద్ర వేసింది. దారి పొడుగునా అమ్మ మామయ్యకి ధైర్యం చెబుతూనే ఉంది. మామయ్య బుద్ధిగా తలూపుతూనే ఉన్నాడు.

మర్నాడు ఒడ్డున ఇద్దరమే ఉన్నప్పుడు అడిగాను. "మామయ్యా, ఆ రోజు అద్దం ముందు నువ్వు వేసింది పంటి రిహార్సలా, కౌంటరు రిహార్సలా?"

మామయ్య అటూ ఇటూ చూశాడు. "మెల్లిగా. మీ అమ్మ వింటుంది."

"మమ్మల్నెందుకు ఫెయిల్ చేశావు మరి?"

"మీరంతా పాసై కూర్చుంటే అదొక్కతే ఫెయిలయ్యేది. రెండో రోజు వచ్చేదా?"

"సరే. అమ్మకి ముద్ర పడ్డాక కూడా ఈ నాటకం ఎందుకు?"

"తిరుగు ప్రయాణంలో ఇంకో కౌంటరుందే పిచ్చిదానా. ముప్ఫై ఏళ్లు అద్దానికి లోపలివైపు కూర్చున్నాను. తమ కోసం వచ్చినవాళ్లకి గొంతు ఆరిపోవడం చూశాను గానీ, పక్కవాళ్ల కోసం మాట్లాడేవాళ్లకి ఆరిపోవడం ఒక్కసారీ చూడలేదు."

మామయ్య మీద నాకు అంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ కలగలేదు. పద్దెనిమిది ఫెయిళ్లూ క్షమించేశాను. ఆ "అతితెలివి" ఒక్కటి మాత్రం ఇంకా క్షమించలేదు.

అమ్మ మోకాలి లోతు నీళ్లలో నిలబడి పిలిచింది. "అన్నయ్యా, తొందరగా రా. చేపలు నిజంగానే పైకి కనిపిస్తున్నాయి."

మామయ్య ప్యాంటు మడుచుకున్నాడు. పొడి ఇసుక మీదే జాగ్రత్తగా కాలు పెట్టి, చలేసినట్టు వణికి, వెనక్కి వచ్చాడు. అలా మూడుసార్లు దిగి, నాలుగోసారి నిజంగా నీళ్లలోకి దిగాడు.

"నువ్వొచ్చేసరికి వెళ్లిపోయాయి," అంది అమ్మ.

"రేపు వస్తాయిలే. ఇవాళ్టిది రిహార్సలే," అన్నాడు మామయ్య.